అజైల్ టీముని అదుపులో పెట్టే చిట్కాలు

నిన్నటిదాకా మేనేజరు, ఇవాళ్టి నుంచి స్క్రమ్ మాస్టర్. శుభం. జీతం మారలేదు, కుర్చీ మారలేదు. అలవాట్లు మాత్రం ఎందుకు మార్చుకోవాలి?

ముందు స్టాండప్ సంగతి చూద్దాం. 15 నిమిషాల్లో ముగించాలని స్క్రమ్ గైడ్‌లో ఉంటుంది, పట్టించుకోకండి. ఎవరో ఒకరు కాళ్లు పీకి గోడకి ఆనుకునేదాకా సాగదీయండి. ఇది టీములోవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి కదా అని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకోండి. అందరూ మీవైపే చూస్తూ, బళ్లో హాజరు పలికినట్టు పలకాలి. "నిన్న లాగిన్ పేజీ చేశాను సార్, ఇవాళా లాగిన్ పేజీయే, అడ్డంకులేం లేవు." ఆ చివరి ముక్క ముఖ్యం. మొన్నామధ్య మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి, "టెస్ట్ సర్వర్ మూడు రోజులుగా పడిపోయి ఉంది సార్" అనేసింది. "మరి మూడు రోజులూ నువ్వేం చేస్తున్నావమ్మా?" అన్నాను, అందరి ముందూ. అంతే, ఆ రోజు నుంచి మా టీములో ఎవరికీ ఏ అడ్డంకీ లేదు. సర్వర్ సంగతి డెమో రోజున క్లయింటే కనిపెట్టాడు.

పనికి పాయింట్లు వేసేటప్పుడు అందరూ ఒక్కసారే కార్డు తిప్పాలంటారు, ఒకరి లెక్క ఇంకొకరి మీద పడకుండా. మీరు ముందే "ఇది 3 కదా?" అనండి. 8 అనుకున్నవాడు కూడా 3 చూపిస్తాడు. తర్వాత దాన్ని మూడు రోజులని రాసేసుకోండి. పక్క టీము 40 పాయింట్లు చేస్తోంది, మీకేమైందని నిలదీయండి. రెండు స్ప్రింట్లు తిరిగేసరికి మీవాళ్లూ 40 చేస్తారు. పని పెరగదు లెండి, నిన్నటి 3 ఇవాళ 5 అవుతుంది.

ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. ఆయనకి మన బెంచి సంగతి తెలియదు పాపం. నలుగురిని తెచ్చి పడేయండి. పాతవాళ్లు చేతిలో పని ఆపేసి, ఏ కోడ్ ఎక్కడుందో కొత్తవాళ్లకి చూపిస్తూ కూర్చుంటారు. దూరం నుంచి చూస్తే సహకారం ఉట్టిపడుతుంది.

రెట్రోస్పెక్టివ్‌లో మనసు విప్పి మాట్లాడమనండి. ఎవరేం అన్నారో రాసిపెట్టుకోండి, అప్రైజల్‌కి పనికొస్తుంది.

2001లో అమెరికాలోని యూటా మంచుకొండల్లో 17 మంది కూర్చుని రాసిన అజైల్ ప్రకటన ఒకటుంది. పద్ధతులూ పనిముట్ల కన్నా మనుషులూ వాళ్ల మధ్య మాటామంతీ ఎక్కువనేది అందులో మొదటి విలువ. దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి లిఫ్టు పక్కన అతికించండి. జిరా నింపనివాళ్ల పేర్లు దాని కిందే పెడితే అందరి కంటా పడతాయి.

అన్నట్టు, ఆ సర్వర్ అమ్మాయి నోటీసు పీరియడ్‌లో ఉంది. వచ్చే శుక్రవారం ఆఖరి రోజు. కేకు స్టాండప్‌లోనే కోయిస్తున్నాం. దానికో టికెట్ కూడా వేశాను, ఒక పాయింటు.