ముట్టుకోవద్దు, ఇది ప్రయోగశాల

బడిలో తోట పెట్టాలంటే మొదట ఫ్లెక్సీ కొట్టించాలి. తోటకన్నా అది పొడుగ్గా ఉంటే ఇంకా మంచిది. తర్వాత ముఖ్య అతిథిని పిలవాలి. ఆయన చేతికి మన్నంటకుండా ముందురోజే గుంత తీయించి, చుట్టూ ముగ్గు వేయించి, చేయి కడుక్కోవడానికి చెంబు, తుడుచుకోవడానికి కొత్త తువ్వాలు సిద్ధం చేయాలి. మొక్క అన్నిటికన్నా చివర వస్తుంది. ఫొటో దిగాక దాంతో పని లేదు కాబట్టి, బతకడమా చావడమా అన్నది దాని సొంత వ్యవహారం.

దీనికి మనం పెట్టుకున్న పేరు ‘ప్రయోగాత్మక విజ్ఞానం’. పిల్లలకు నేలతో పరిచయం కలిగించాలట. ఎవరి పిల్లలకయ్యా? నిజాంసాగర్ ఆయకట్టులో నాట్ల కాలం వస్తే సెలవురోజు సగం తరగతి పొలం గట్టు మీదే ఉంటుంది. రేగడి ఎప్పుడు నెర్రెలిస్తుందో, చలకలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో వాళ్లకు తెలుసు. అలాంటి, ఆనకట్ట పక్కనే ఉన్న అచ్చంపేట పిల్లవాడికి ‘ఇది నేల’ అని చెప్పడానికి పట్నం నుంచి రిసోర్స్ పర్సన్ ప్రొజెక్టర్ మోసుకొస్తాడు. కరెంటు పోయిందంటే నేల కూడా పోతుంది.

కాగితం మీద తప్పేమీ లేదు. బడుల్లో పోషక తోటల గురించి 2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు తోటపనిలో పిల్లల చేయి ఉండాలనే అన్నాయి. జాగా లేకపోతే కుండీల్లో పెంచమన్నాయి, కృషి విజ్ఞాన కేంద్రాల సాయం తీసుకోమన్నాయి. మనకు అలాంటి కేంద్రం రుద్రూరులోనే ఉంది. కానీ ఆ పత్రం ఎవరు చదవాలి? బడి చదివేది వాట్సాప్ సందేశం: ‘సాయంత్రం ఐదింటిలోగా ఫొటోలు అప్‌లోడ్ చేయాలి’.

ఫొటో వెళ్లిన మర్నాడు తోటకు తాళం, తాళం పక్కన బోర్డు: ‘మొక్కలను ముట్టుకోరాదు’. గదిలో ఎనిమిదో తరగతి పిల్లలు చిక్కుడు జాతి వేళ్ల బుడిపెలను రికార్డులో పెన్సిలుతో గీస్తుంటారు. నీట్‌గా షేడింగ్ చేసినవాళ్లకు ఐదు మార్కులు. ప్రహరీ అవతల సోయా చేను. ఒక్క మొక్క పెకిలిస్తే బుడిపెలు వేళ్లకే వేలాడుతూ కనిపిస్తాయి. గోటితో చీల్చితే లోపల గులాబీరంగు ఉంటే అందులోని బ్యాక్టీరియా నత్రజనిని పట్టుకుంటున్నట్టు, పాలిపోయి ఉంటే పని మానేసినట్టు. రైతునడిగి ఒక మొక్క తెచ్చుకుంటే అరగంటలో అయిపోయే పాఠం. కానీ దానికి ముఖ్య అతిథి అక్కర్లేదు, అదే చిక్కు.

బ్రనోలోని మఠం తోటనే ప్రయోగశాల చేసుకుని మెండెల్ ఎనిమిదేళ్లపాటు దాదాపు 28 వేల బఠానీ మొక్కలు పెంచి, 1866లో ఫలితాలు అచ్చువేశాడు. మన దగ్గర పుట్టి ఉంటే మొదటి వారమే ‘జియోట్యాగ్ ఫొటో ఏది?’ అని మెమో అందుకునేవాడు.

ఏప్రిల్ చివర బడికి సెలవులు. తోటకు ఎండాకాలం సెలవులిచ్చే శాస్త్రం ఇంకా రాలేదు కాబట్టి అది ఎండిపోతుంది. మిగిలింది కోతుల పాలు. ఏడాది పొడుగునా హాజరు తప్పనిది అవే మరి. వానలు పడ్డాక అదే గుంతలో మళ్లీ మొక్క, మళ్లీ ముగ్గు.

‘మా పోరన్ని మన్ను మొయ్యనీకి తోలినమా సారూ?’ అని తల్లి అడిగితే ఆమెకు విజ్ఞానం తెలియదని నవ్వుతాం. ఆమె కోపం సబబే. మన బడుల్లో కలుపు తీయించేది ఆలస్యంగా వచ్చిన పిల్లలతో. అదే కలుపు హైదరాబాదు బడిలో తీస్తే ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్, ఫీజు వేరే. చేతిపనిలోంచే చదువు రావాలని గాంధీ 1937లో వార్ధాలో చెప్పాడు. ఆ పనిని మనం శిక్షల పట్టికలో వేసుకున్నాం.

ఇంతకీ ఈ పిల్లల పక్కనే ఉన్న అసలు ప్రయోగశాలను ఎవరూ ప్రారంభించాల్సిన అవసరం లేదు. అదే నిజాంసాగర్: మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కట్టినప్పుడు 29.72 టీఎంసీలు పట్టేది. 1970ల నాటికి పూడిక సగానికి పైగా మింగేస్తే, తర్వాత ఎత్తు పెంచి 17.8కి తెచ్చుకున్నారు. ఆ మింగిందేమిటో చూడాలంటే ఒక గాజుసీసా చాలు. పిడికెడు మన్ను వేసి, నీళ్లు పోసి, గట్టిగా కుదిపి కిటికీలో పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు గంటల్లో పేరుతుంది, బంకమన్ను మర్నాటికీ తేలుతూనే ఉంటుంది. నది నెమ్మదించిన చోట ఏం దిగుతుందో, రిజర్వాయరు ఎందుకు పూడిందో, కాలువ కింది చేనుకు ఒండ్రు ఎలా వస్తుందో ఆ సీసాలోనే ఉంది. ఖర్చు సున్నా. బిల్లు పెట్టే వీలు లేకపోవడం వల్ల కాబోలు, ఏ పథకంలోనూ దానికి చోటు దొరకలేదు.

అధికారులారా, వచ్చే జూన్‌లో బడులు తెరిచాక ఫొటోలు అడక్కండి. తాళం తీయించండి. ఏ మొక్క చచ్చింది, ఎందుకు చచ్చింది అని పిల్లల చేతే రాయించి పంపమనండి. ‘కోతి తిన్నది’ అని రాసినా సరే, మార్కులు వేయండి.