మూడో చుక్క పెట్టించండి సారూ!

న్యూఢిల్లీలోని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వారి సముఖానికి,

కడప జిల్లా ఎర్రగుంట్ల కాపురస్తుడు, మూడేళ్ళ ఆడపిల్ల తండ్రి రాసుకుంటున్న బహిరంగ మనవి.

విషయం: హోటలు వంటకాలకు కారం గుర్తు పెట్టించడం, పసిపిల్లల వంతు ముందే తీసిపెట్టించడం గురించి.

అయ్యా,

2006 నాటి చట్టం మీకు ప్రాణం పోసింది. ఆ చట్టం ప్రకారం దేశంలో ఎవరు ఏం వండి అమ్మినా మీ కన్ను పడాల్సిందే. శాకాహారానికి ముందునుంచే ఉన్న ఆకుపచ్చ చుక్కను కొనసాగించారు. మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేది, దాన్ని త్రికోణంగా మార్చారు. హోటలు బిల్లు మీద 14 అంకెల లైసెన్సు నంబరు వేయించారు. పది శాఖలున్న పెద్ద హోటళ్ళవాళ్ళయితే వంటకం పక్కన కేలరీలు కూడా రాయాలన్నారు. అన్నీ మంచి పనులే.

కానీ సారూ, ఆదివారం పొద్దున దోసె తినబోయే మా కుటుంబానికి అది శాకాహారమా కాదా అనే అనుమానం ఎప్పుడూ రాలేదు. దోసెలో కోడి ఉండదని మా మూడేళ్ళదానికి కూడా తెలుసు. మాకు తెలియాల్సింది ఒక్కటే: అందులో కారం ఎంత? దానికి మీ దగ్గర చుక్క లేదు.

మీరు ఢిల్లీలో ఉంటారు గనక మా సీమ కొలతలు కొంచెం విప్పి చెప్పాలి. ఇక్కడ హోటల్లో ‘కారం లేదు’ అంటే, ఉంది అని. ‘కొంచెం ఉంటాది’ అంటే, నీళ్ళ చెంబు దగ్గర పెట్టుకోమని. సప్లయరే తనంతట తాను ‘కారంగా ఉంటాది సార్’ అన్నాడంటే మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళకు ఒకసారి ఫోన్ చేసి మాట్లాడుకోవడం మంచిది. ఇందులో ఎవరి అబద్ధమూ లేదు. పుట్టినప్పటినుంచి ఎర్రకారం తిన్న నాలుకకు అది నిజంగానే కారం కాదు. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఆయన మిరపకాయల ఘాటు కొలవడానికి ఒక పద్ధతి పెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో కలుపుతూ, మంట తెలియకుండా పోవడానికి ఎన్ని నీళ్ళు పట్టాయో లెక్కేశాడు. మేమూ చక్కెరతోనే కొలుస్తాం. దోసె తిన్నాక పిల్ల నాలుక మీద ఎన్ని చెంచాలు వేస్తే ఏడుపు ఆగిందో, అదే మా లెక్క.

మొన్నటి సంగతి చెప్తాను. హోటలు పేరు చెప్పను, ఆయన రేపు కూడా నాకు టీ పోయాల్సినవాడే.

‘‘పాపకు ప్లెయిన్ దోసె ఒకటి. కారం వద్దు’’ అన్నాను.

‘‘అట్లే సార్’’ అన్నాడు సప్లయర్. దోసె వచ్చింది. మీద ఎర్రగా పొడి.

‘‘కారం వద్దంటి గదబ్బా!’’

‘‘కారం ఏయలేదు సార్. అది పప్పుల పొడి.’’

పప్పుల పొడిలో ఎండుమిరపకాయలు ఉంటాయని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా మా దగ్గర అది కారం ఖాతాలోకి రాదు, పప్పుల ఖాతాలో ఉంటుంది. రెండో దోసె తెప్పించాను. ఈసారి నిజంగానే తెల్లగా ఉంది. కాకపోతే అంతకుముందు ఇరవై కారం దోసెలు కాలిన పెనం మీద, వాటికి రుద్దిన ఎర్రగడ్డ చిప్పతోనే నూనె రుద్ది పోసిన దోసె అది. మా పాప ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి, నోరు తెరిచింది. బస్టాండు దాకా వినిపించింది.

అప్పుడిక హోటలంతా డాక్టర్లే. ‘‘నీళ్ళు తాపు అన్నా’’ అని ఒకరు. ‘‘చక్కెర ఏయి’’ అని ఇంకొకరు. ‘‘అలవాటు చేయాల, ఎన్నాళ్ళు ఇట్లా సప్పిడి పెడ్తావ్?’’ అని ఒక పెద్దాయన. మిరపలో మండే పదార్థం నీళ్ళలో కరగదు. నీళ్ళు తాపితే మంట నోరంతా తిరుగుతుంది. పాలో పెరుగో పడితే దిగుతుంది. అడిగాను. పొద్దున పూట పెరుగు ఉండదన్నారు. టీ ఉందన్నారు.

సారూ, ఇందులో హోటలు యజమాని తప్పు వెదకవద్దని మనవి. ఆ హోటలు ఎవరికోసం పుట్టిందో చూడండి. మా ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. పక్కనే రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం. ఊళ్ళో నాపరాయి పాలిష్ మిషన్లు. చెన్నై, ముంబయి రైళ్ళు పోయే దారిలో మాది జంక్షను. 2016 నుంచి నంద్యాల వైపు లైను కూడా తెరుచుకుంది. లారీ దిగినవాడు, షిఫ్టు దిగినవాడు, బండి అందుకోవాల్సినవాడు ఒంటరిగా వచ్చి, పది నిమిషాల్లో తిని లేవాలి. రాతిదుమ్ము మింగిన గొంతుకు ఘాటు తగలాలి. కూర లేకపోయినా తెల్లగడ్డ కారం ఇంత ఉంటే ముద్ద దిగుతుంది, డబ్బు మిగులుతుంది. బల్ల ఎత్తు, చెయ్యి కడుక్కునే తొట్టి ఎత్తు, కాలే స్టీలు గ్లాసు, అన్నీ ఆ మనిషి కొలతలకే వచ్చాయి. పిల్లలు ఆ లెక్కలో లేరు. వాళ్ళు ఇంట్లో జేజి దగ్గర ఉండేవాళ్ళు.

ఇప్పుడు మేం ప్రొద్దుటూరుకు బట్టలకో బంగారానికో పోతే పిల్ల వెంటే ఉంటుంది. జమ్మలమడుగు మీదుగా గండికోట చూడబోతే వెంటే ఉంటుంది. పులివెందులలో పెళ్ళికి పోతే మాకంటే ముందే కారెక్కి కూర్చుంటుంది. హోటళ్ళు కూడా ఇది కనిపెట్టి బోర్డు మార్చాయి, ‘ఫ్యామిలీ రెస్టారెంట్’ అని. లోపలికి పోతే ఫ్యామిలీ అంటే ఏసీ గది అని అర్థమైంది. వంటగది మాత్రం పాతదే. అక్కడ మూడేళ్ళ పిల్లకు దొరికేవి రెండే రకాలు: మండేది, లేదా తియ్యనిది. గోబీ మంచూరియా ఒకవైపు, ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింకు ఇంకోవైపు. మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసి, ఆరు నెలలు నిండాక ఇంట్లో వండిన మెత్తటి తిండి మొదలుపెట్టమంది. చక్కెర, ఉప్పు, నూనె తగ్గించమంది. బాగానే ఉంది. రోడ్డెక్కాక ఆ ఇంటి తిండి ఎక్కడ దొరుకుతుందో అది కూడా ఒక పేజీలో రాసి ఉంటే కాళ్ళకు మొక్కేవాణ్ణి.

‘కారం మన సంస్కృతి’ అని మా ఊరివాళ్ళే నా మీద మీకు ఫిర్యాదు చేయవచ్చు. వాళ్ళకు ఒక మాట. మిరప పోర్చుగీసుల ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. వాస్కోడగామా కాలికట్టు దగ్గర దిగింది 1498లో. మన తాళ్ళపాక అన్నమయ్య కన్నుమూసింది 1503లో. అంటే అన్ని వేల సంకీర్తనలూ ఆయన మిరపకాయ ఎరుగని నాలుకతోనే పాడాడు. మనమాయన వారసులమైతే, మన పిల్లలు ఐదేళ్ళ దాకా సప్పిడి తిన్నంత మాత్రాన సీమకు వచ్చిన నష్టం లేదు.

అమెరికాలో హోటళ్ళు పిల్లలకు వేరే మెనూ అచ్చేయడం 1920ల్లో, మద్యనిషేధం రోజుల్లో మొదలైందట. సారా అమ్మకం పోయాక ఆదాయం కోసం చూస్తే బల్ల కింద పిల్లలు కనిపించారు. మా దగ్గర పిల్లలు కనిపించడానికి నిషేధం దాకా పోనక్కర్లేదు. మా అమ్మను అడిగితే చాలు.

మా అమ్మ పప్పు ఉడికాక, కారం వేసేముందు ఒక గరిటె గిన్నెలోకి తీసిపెడుతుంది. ‘‘ఇది పాపది’’ అంటుంది. తాలింపు ఆ తర్వాతే. నాటుకోడి పులుసు చేస్తే పసుపు, ఉప్పుతో ముక్క ఉడకగానే కారిజం, ఒక మెత్తటి ముక్క పక్కకు వస్తాయి. మసాలా ఆ తర్వాతే. అలసంద వడల పిండిలో పచ్చిమిరపకాయ పడకముందే రెండు వడల పిండి వేరవుతుంది. సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి పెద్దవాళ్ళకు పులుసు పోస్తే, పాపకు నెయ్యి, బెల్లం పెడుతుంది. వేరే వంట లేదు, వేరే పొయ్యి లేదు. అయ్యే ఖర్చు ఒక చిన్న గిన్నె, అర నిమిషం. ఇల్లేమీ స్వర్గం కాదు లెండి. నా భార్య పొయ్యి దగ్గర ఉంటే పాప కొంగు పట్టుకుని వేలాడుతుంది, పిండి డబ్బా బోర్లిస్తుంది. నేను వంట చేసే ఆదివారం మేం హోటలుకు పోయే ఆదివారం. కానీ పాపకు తెల్లగడ్డల పొట్టు తీయమని ఇచ్చి, చివర్లో చిన్న సంగటి ముద్ద దాని చేత్తోనే చేయిస్తే మాత్రం, అది చేసింది అది తింటుంది. పక్కవాళ్ళకు పెట్టదు కూడా.

కాబట్టి తమరు దయచేసి మూడు పనులు చేయించాలి.

ఒకటి, మూడో చుక్క. కారం లేని వంటకానికి ఒక తెల్ల చుక్క పెట్టించండి. ‘లేదు’ అంటే అసలు లేదని చట్టంలో రాయండి. పప్పుల పొడి కూడా కారమేనని కింద వివరణ ఇవ్వండి.

రెండు, పెనంలో ఒక మూల, ఒక కొత్త ఎర్రగడ్డ చిప్ప పిల్లల దోసెకు వేరుగా ఉంచాలి. పొద్దున పూట కూడా ఒక కప్పు పెరుగు ఉండాలి.

మూడు, తనిఖీ. మీ ఇన్‌స్పెక్టరు ఒంటరిగా వస్తే లాభం లేదు. ఆయన కారం దోసె తిని, మూతి తుడుచుకుని, ‘అంతా సక్రమం’ అని రాసి పోతాడు. మూడేళ్ళ పిల్లను వెంట తెచ్చుకోవాలని నిబంధన పెట్టండి. నివేదిక ఆ పిల్లే ఇస్తుంది, ఊరంతా వినపడేలా.

ఇట్లు,
తమ విధేయుడు,
చక్కెర పొట్లం జేబులో పెట్టుకు తిరిగే ఒక తండ్రి,
ఎర్రగుంట్ల.

నకలు: మా ఊరి హోటళ్ళ మాస్టర్లకు. అన్నా, ఢిల్లీ జవాబు వచ్చేసరికి మా పాప కారం దోసె తినే వయసుకొస్తుంది. మీరు ఆగొద్దు. రేపు పప్పులో కారం పడకముందు ఒక గరిటె పక్కకు తీసిపెట్టండి. ఆదివారం వస్తాం.