గార్డుగారి స్కీ స్కీమ్

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకు ముందు నోరు జారింది. కాలు దాని వెనకాలే, పద్నాలుగు నెలలు ఆలస్యంగా, తొమ్మిదివేల అడుగుల ఎత్తున జారింది.

నోరు జారింది వీడియో కాల్లో. మా అమ్మాయి వాళ్లు కొలరాడోలో ఉంటారు. ఆరేళ్ల మనవరాలు ఎర్ర హెల్మెట్ పెట్టుకుని, కాళ్లకి రెండు పలకలు బిగించుకుని, కొండ మీంచి సర్రుమని జారి వచ్చింది. సరిగ్గా కెమెరా ముందు ఆగి, "తాతయ్యా, నీకొచ్చా ఇది?" అంది. ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో మా వరండాలో శాలువా కప్పుకుని కూచున్న నేను, "రాకేమే! ముప్పై నాలుగేళ్లు బండి నడిపినవాణ్ని, నాకిదో లెక్కా?" అన్నాను.

"నడిపింది డ్రైవర్లు. మీరు వెనకాల కూచున్నారు" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

అదీ నిజమే. నేను గూడ్సు గార్డుని. 2022లో రైల్వే వాళ్లు గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. నేను అప్పటికే రిటైరయ్యాను కాబట్టి మేనేజర్ని కాకుండానే మిగిలిపోయాను. యాభై ఎనిమిది బొగ్గు వ్యాగన్ల వెనక, బ్రేక్ వ్యాన్‌లో, చేతిలో జెండాతో ఒక్కణ్నే కూచున్న జన్మ నాది. అయినా మాట ఇచ్చేశాను. రెండేళ్లలో మేం అమెరికా వెళ్లాలి. అక్కడ పిల్లముండ ముందు పరువు పోకుండా, ఈలోగా ఎక్కడైనా స్కీ నేర్చుకోవాలి.

బిలాస్‌పూర్‌లో మంచు రెండు చోట్లే ఉంటుంది. ఒకటి ఫ్రిజ్ పైఅరలో, రెండోది బుధ్వారీ బజార్ చేపల బుట్టల్లో. మే నెలలో మా ఊరి ఎండకి ఆ రెండోది కూడా మధ్యాహ్నం దాకా నిలవదు. అర్పా నదిలోనే నీళ్లుండవు, మంచెక్కడిది? అయినా వెతకడం మొదలుపెట్టాను. సాయంత్రాలు టీ కొట్టు దగ్గర చేరే పాత రైల్వే మిత్రుల్ని అడిగాను.

"స్కీ ఎక్కడ నేర్పుతారో తెలుసా?"

"ఏ స్కీమ్?"

"స్కీమ్ కాదు, స్కీ."

"అదేలే. నెలకి ఎంతొస్తుంది?"

మూడో రోజు పొద్దున్నే ఇద్దరు పింఛనుదార్లు ఆధార్ జిరాక్సు, బ్యాంకు పాస్‌బుక్కు, రెండేసి పాస్‌పోర్టు ఫొటోలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. స్కీ అంటే మంచు మీద జారడం అని చెప్పాను. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పెద్దాయన నెమ్మదిగా, "దాచడం దేనికి బాబూ, మాకూ చెప్తే నీ వాటా తగ్గిపోదు కదా" అని కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మా ఊరి బారా ఖోలీలో సోలాపురీ మాత పూజలప్పటికి ఆ వార్త కాలనీలో తెలుగువాళ్లందరికీ పాకింది. ఉగాదికి కనిపించనివాళ్లు కూడా కుశలం అడిగారు.

దగ్గర్లో కొండలు లేవా అంటే ఉన్నాయి. సర్గుజా జిల్లా మైన్‌పాట్‌ని ఛత్తీస్‌గఢ్ సిమ్లా అంటారు. మన లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అంటారు. ప్రతి కొండా సిమ్లా, కాశ్మీర్ అని పిలిపించుకుంటుంది గాని, మంచు దగ్గరికొచ్చేసరికి పొగమంచుతో సరిపెడుతుంది. మైన్‌పాట్‌లో 1960లలో వచ్చి స్థిరపడిన టిబెట్ వాళ్లున్నారు. మంచు గురించి అడగడానికి అంతకన్నా యోగ్యులు మా రాష్ట్రంలో లేరని ఒక స్వెట్టర్లమ్మే పెద్దాయన్ని కదిపాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఒక మఫ్లర్ కొనిపించి పంపేశాడు. అక్కడే ఉల్టా పానీ అని ఒక చోటుంది. కాలవలో నీళ్లు ఎత్తుకి పారుతున్నట్టు కనిపిస్తాయి, గేరు తీసేసిన కారు కొండెక్కుతున్నట్టు కదుల్తుంది. చుట్టూ నేల వాలు వల్ల కన్ను చేసే మోసం అది. పల్లమేదో మెరకేదో తెలియని చోట జారడం నేర్చుకుంటే ఎటు తేల్తానో అని భయపడి వెనక్కొచ్చాను.

మా మేనల్లుడు హైదరాబాద్ స్నో వరల్డ్‌కి తీసుకెళ్లాడు. 2004లో తెరిచారు, లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర. కోటిచ్చారు, బూట్లిచ్చారు, లోపల నిజంగానే సున్నా కంటే కింద చలి. పిల్లలు ట్యూబుల మీద జారుతున్నారు. బావుంది. కాని నేను చేసిన వాగ్దానం ట్యూబు మీద కూచోవడం కాదు.

ఇక హిమాలయాలే గతి. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, మన దేశంలో స్కీ నేర్పే బడులు కొత్తవేమీ కావు. గుల్‌మార్గ్‌లో 1927లోనే తెల్లదొరలు స్కీ క్లబ్బు పెట్టుకున్నారు. ఇప్పుడక్కడ కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. పహల్‌గామ్‌లో జవహర్ పేరున ఒకటి. మనాలీలో 1961లో మొదలైన పర్వతారోహణ సంస్థకి ఇప్పుడు వాజ్‌పేయి పేరు. వాళ్లు సోలంగ్ వాలు మీద పాఠాలు చెప్తారు. ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉంది. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు ఏడు రోజుల కోర్సూ, పద్నాలుగు రోజుల కోర్సూ నడుపుతారు. చిన్న చిన్న ప్రైవేటు బడులు వేరే.

మామూలు మనుషులైతే ఫీజు చూస్తారు, వసతి చూస్తారు. బిలాస్‌పూర్ మనిషి ఆ కొండకి ఏ బండి పోతుందో చూస్తాడు. మనాలీకి పెద్ద రైలు లేదు. గుల్‌మార్గ్‌కి వెళ్దామంటే అప్పటికింకా కాశ్మీర్ లోయని దేశంతో కలిపే లైను పూర్తవలేదు. చినాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున వంతెన తెరిచి కట్రా నుంచి బండి వదిలింది 2025 జూన్ 6న. ఔలీకయితే మా ప్లాట్‌ఫారమ్ మీద ఆగే ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. పూరీలో బయల్దేరి రిషీకేశ్ దాకా పోతుంది. రిటైరైన వాడికి పాస్ ఉంది. పాస్ ఉన్న వైపే పర్వతం.

అల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యగారూ, స్కీ కన్నా స్నోబోర్డు తీసుకోండి. మోకాళ్లకి దెబ్బలు తక్కువంటారు. మణికట్లు మాత్రం కాస్త జాగ్రత్త" అన్నాడు. స్నోబోర్డంటే ఏమిటో ఫోన్లో చూశాను. రెండు కాళ్లూ ఒకే చెక్కకి కట్టేసి, పక్కకి తిప్పి, పల్లానికి వదలడం. హిరణ్యకశిపుడు కన్నకొడుకుని కొండ మీంచి తోయించాడే గాని, ముందు కాళ్లకి చెక్క కట్టించలేదు. నేను రెండు పలకలకే ఓటేశాను.

2024 ఫిబ్రవరిలో బయల్దేరాను. మా స్టేషన్లో ఉత్కళ్ కోసం నిలబడ్డప్పుడు టాగూర్ గుర్తొచ్చాడు. 'ఫాకి' అని ఆయన పద్యం ఒకటుంది, 1918లో అచ్చయింది. గాలి మార్పు కోసం ప్రయాణమైన జబ్బు భార్యా, ఆమె మొగుడూ బిలాస్‌పూర్‌లో బండి మారతారు. స్టేషన్లో ఒక పేదరాలికి ఇరవై అయిదు రూపాయలివ్వమని ఆమె అడుగుతుంది. మొగుడు రెండు రూపాయలిచ్చి, మొత్తం ఇచ్చానని పెళ్లానికి అబద్ధం చెప్తాడు. ఆడపిల్లతో అబద్ధమాడి బిలాస్‌పూర్ స్టేషన్లో నిలబడ్డవాళ్లలో నేను మొదటివాణ్ని కానని కొంత ధైర్యం వచ్చింది.

రిషీకేశ్ నుంచి జోషిమఠ్ రెండు వందల యాభై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. అక్కణ్నుంచి ఔలీకి రోప్‌వే ఉండేది గాని, 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలువారినప్పుడు ఆపేశారు. జీపులో వెళ్లాను. నేను చేరిన బడి పేరు చెప్పను. జరిగినవాటిలో వాళ్ల తప్పేమీ లేదు.

మాస్టారు ఇరవై రెండేళ్ల గఢ్వాలీ కుర్రాడు. బ్యాచ్‌లో కాలేజీ పిల్లలు పదిమంది, ఎనిమిదేళ్ల బుడతడొకడు, నేను. ముందు బూట్లిచ్చారు. స్కీ బూటు కాలికి తొడుక్కునేది కాదు. కాలిని అందులో పెట్టి తాళం వేసేది. చీలమండ ఎటూ కదలదు. గది నుంచి మైదానం దాకా తోలుబొమ్మలాటలో కేతిగాడిలా నడిచాను. పలకకి బూటు బిగించే క్లిప్పుని మన బరువు, వయసు, బూటు సైజు చూసి సరిచేస్తారు. గట్టిగా పడితే అది దానంతటదే ఊడి కాలిని వదిలెయ్యాలి. నా వయసు అడిగి మాస్టారు స్క్రూ ఇంకొంచెం వదులు చేశాడు. నాకది నచ్చలేదు.

మొదటిరోజు పడటం నేర్పారు. దానికి మాస్టారెందుకు అనుకున్నాను. కావాలట. పక్కకి, కొండ వైపుకి పడాలి. లేచేముందు పలకలు వాలుకి అడ్డంగా పెట్టుకోవాలి. లేకపోతే లేచిన మనిషి లేచినచోట ఉండడు. ఈ సంగతి నేను ఆ పూటే ఏడుసార్లు రుజువు చేశాను.

రెండో రోజు బ్రేకు. పలకల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరానికి, లోపలి అంచులు మంచులో గుచ్చుకునేట్టు. అమెరికాలో పిల్లలకి దీన్ని పిజ్జా అని చెప్తారు. పలకలు రెండూ పక్కపక్కనే తిన్నగా పెడితే ఫ్రెంచ్ ఫ్రైస్. మా మాస్టారు "ఉల్టా వీ" అన్నాడు. నాకెక్కకపోతే "సమోసా, అంకుల్‌జీ, సమోసా" అన్నాడు. సమోసా ఎక్కింది.

ఇక్కడ మాత్రం నేనూ కొంచెం నోరు విప్పాను. బండి కదలడంలో గొప్పేముంది, పల్లం దొరికితే ఖాళీ వ్యాగనూ కదుల్తుంది. ఆగడమే విద్య. బిలాస్‌పూర్, పేండ్రా రోడ్ల మధ్య భన్వార్‌టంక్ ఘాట్ ఉంది. ఖోడ్రీ నుంచి ఖోంగ్‌సరా వైపు బొగ్గు నిండిన వ్యాగన్ల రేకు దిగేటప్పుడు డ్రైవరూ గార్డూ మాట్లాడుకోరు, దేవుడితో మాట్లాడతారు. అందుకే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చేతిలో పడందే మేం రేకు కదలనివ్వం. బయల్దేరాక కూడా వీలైన మొదటి చోటే డ్రైవరు బ్రేకు పట్టి చూసుకుంటాడు. ఇదంతా మాస్టారికి చెప్పాను. అతను శ్రద్ధగా విని, "మరి మీ సర్టిఫికెట్ మీద ఎవరు సంతకం పెడతారు?" అన్నాడు.

అసలు చిక్కు మూడో రోజు బయటపడింది. స్కీ మీద బరువు ముందుకి ఉండాలి, పిక్కల ముందుభాగం బూటు నాలికని నొక్కుతుండాలి. భయమేసి వెనక్కి వాలితే పలకల ముందు కొసలు తేలిపోయి మాట వినవు, వేగం పెరుగుతుంది. మనిషన్నవాడు భయమేస్తే వెనక్కే వాల్తాడు. నాకయితే అది వృత్తి కూడా. బ్రేక్ వ్యాన్ వరండాలో వెనక్కి ఆనుకుని, స్టేషన్లు, గేట్లు, మోదుగు చెట్లు అన్నీ దాటిపోయాక చూసిన మనిషిని నేను. ఎదురుగా వస్తున్న లోకాన్ని చూడటం నాకు కొత్త. "ఆగే దేఖో అంకుల్‌జీ, ఘుట్నే మోడో", ముందుకి చూడండి, మోకాళ్లు వంచండి అని మాస్టారు అరుస్తూనే ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ల డ్యూటీ మూడు రోజుల్లో దిగదు.

నాలుగో రోజు ఎర్ర సిగ్నల్ దాటేశాను. మాస్టారు చెయ్యెత్తి ఆపమన్నచోట సమోసా విప్పుకుని ఫ్రెంచ్ ఫ్రైస్ అయింది. అతన్ని దాటాను, ఎనిమిదేళ్ల బుడతణ్ని దాటాను, మ్యాగీ కొట్టు పక్కన పోగేసిన మంచుగుట్టలో నడుము దాకా దిగబడి ఆగాను. రైల్లోనూ అంతే, లైను చివర ఇసకదిబ్బ అందుకే పోస్తారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్లిప్పు టప్పుమని ఊడింది. ఆ వదులు స్క్రూకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. రాత్రి ఫోన్లో మా ఆవిడ విచారణ కమిటీ వేసింది. బాధ్యుడు గార్డేనని అయిదు నిమిషాల్లో తేల్చింది. నేను పలకలకి మైనం సరిగా పెట్టలేదేమో అనబోతే, "ఆడలేక మద్దెల ఓడు" అని ఫైలు మూసేసింది.

మన దేశం తరఫున మొదటిసారి శీతాకాల ఒలింపిక్స్‌కి వెళ్లిన జెరెమీ బుజకోవ్‌స్కీ కూడా 1964లో ఇన్స్‌బ్రుక్‌లో పల్లం పందెం చివరిదాకా పూర్తిచెయ్యలేదు. 2022లో బీజింగ్‌కి మన దేశం నుంచి ఒక్కడే వెళ్లాడు, కాశ్మీర్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్. జెయంట్ స్లాలమ్‌లో 45వ స్థానం వచ్చింది. మంచుగుట్టలోంచి నన్ను లాగుతూ మాస్టారు ఈ పేర్లు చెప్పాడు. ఓదార్పో, పోలికో తెలియలేదు.

ఆరో రోజు నుంచి వరసలో దిగడం. ముందు మాస్టారు, వెనక పిల్లలు, అందరికన్నా చివర నేను. కింద అందరూ చేరాక మాస్టారు పైకే చూస్తూ నిలబడేవాడు. నేను కనిపించాకే లెక్కపెట్టడం ఆపేవాడు. స్టేషన్లో కూడా ఇంజను చూసి బండి వచ్చిందనరు. చివరి డబ్బా మీది ఇంటూ మార్కు, దానికి తగిలించిన ఎల్వీ (లాస్ట్ వెహికల్) బోర్డు కళ్లబడితేనే బండి ముక్కవకుండా పూర్తిగా వచ్చినట్టు. ఈ మాట చెప్తే ఆ బుడతడు నా జాకెట్ వీపు మీద తెల్ల ప్లాస్టర్‌తో పెద్ద ఇంటూ మార్కు అంటించాడు. ఏడో రోజు దాకా తియ్యలేదు నేను. ఏడో రోజు రెండు వందల మీటర్ల వాలు పడకుండా దిగి, మాస్టారు చూపించినచోటికి నాలుగడుగుల ఇవతల ఆగాను. సర్టిఫికెట్ మీద సంతకం పడింది.

వీడియో అమెరికా పంపాం. మనవరాలు మొత్తం చూసి, "తాతయ్యా, నీది పిజ్జా కాదు. ఎవరో తొక్కిన పిజ్జా" అంది. అయినా పాసయినట్టేనంది.

వెళ్లాలనుకునే వాళ్లకి రెండు మాటలు. నెల ముందునుంచీ రోజూ గుంజీలు తీయండి, చేతి తొడుగులు రెండు జతలు పట్టుకెళ్లండి. ఆధార్ జిరాక్సులిచ్చి వెళ్లిన ఆ ఇద్దరు పెద్దమనుషులు మీకెక్కడైనా కనిపిస్తే, వాళ్ల కాగితాలు ఇంకా మా టీవీ కిందే ఉన్నాయని చెప్పండి. వచ్చి పట్టుకెళ్లమనండి. మోకాళ్లు బావుంటే మాత్రం ఉత్కళ్‌కి పాస్ రాయించుకుని రమ్మనండి.