కొట్టంలో పెట్టిన బండి

మా తాత ఎడ్లు కొనాలంటే అంగడికి మూడు వారాలు తిరిగేవాడు. ఒక వారం పళ్లు, ఒక వారం సుళ్లు, ఇంకో వారం నాగలి కట్టించి నాలుగు సాళ్లు. అప్పుడు గానీ తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెట్టేవాడు కాదు. అంతటివాడి మనవణ్ని, ఫోన్‌లో ఒక్క ఫొటో చూసి బండి కొన్నాను. ఆ ఫొటోలో కూడా ఎక్కువ భాగం దాని మీద కప్పిన పట్టాయే.

"సింగిల్ హ్యాండ్ బామ్మర్దీ! 2015 మోడల్. పదకొండు వేలే తిరిగింది. లాక్‌డౌన్‌ల కొట్టంల పెట్టిన, మళ్ల తియ్యలే. వేరేటోళ్లకైతే ముప్పై చెప్తుంటి. నువ్వు మనోడివి, ఇరవై రెండు ఇయ్యి" అన్నాడు హైదరాబాద్‌లో స్థిరపడ్డ మా మేనబావ.

మా కేతేపల్లిలో చుట్టరికాన్ని మించిన వారంటీ లేదు. ఇచ్చాను.

తిరగక మగవాడు చెడె అన్నారు పెద్దలు. ఆ సామెత మొదటి సగం ఈ రోజుల్లో రాస్తే కాలమ్ ఊడుతుంది గానీ, రెండో సగం మాత్రం బండిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. హైవే పక్కన వేపచెట్టు కింది మెకానిక్ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. "పెట్రోల్ కాదన్నా, కషాయం" అన్నాడు. ఏళ్ల తరబడి కదలని పెట్రోల్ ఆవిరి కాగలిగినంత ఆవిరై, మిగిలింది బంకై కార్బురేటర్ జెట్లలో గడ్డకట్టింది. అందులో కలిపిన ఇథనాల్ గాలిలోని తేమను పీల్చి ట్యాంకు అడుగున తుప్పు పండించింది. టైర్ల మీద గీతలు కొత్త పెళ్లికొడుకు చొక్కా మడతల్లా ఉన్నాయి, పక్కలు మాత్రం వానలు పడని ఏడు చెరువు అడుగులా పగిలాయి. క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి కరుచుకుని విడాకులకు ఒప్పుకోలేదు. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఎలుక కాపురం పెట్టింది. సీటు స్పంజీ దానికి పరుపు, వైర్ల మీది ప్లాస్టిక్ ఫలహారం.

సైలెన్సర్‌కు చిల్లి చూసి నేను నోరు తెరిస్తే మెకానిక్ ఓదార్చాడు. "2019ల మన మూసీ ప్రాజెక్టు గేటే ఊడి కొట్టుకపాయె. నీ సైలెన్సర్ ఎంతన్నా?"

కంపెనీ పేరు చెప్పను. పాపం, దాని తప్పేం లేదు. రోజూ నడిపి, వేళకు ఆయిల్ మారిస్తే ఆ బండే ఇంకో పదేళ్లు పాలక్యాన్లు మోసేది. దాన్ని చెడగొట్టింది విశ్రాంతి.

బ్యాటరీ, రెండు టైర్లు, ట్యూబులు, చైన్ సెట్, క్లచ్ ప్లేట్లు, వైరింగ్, ట్యాంకు కడుగుడు, కూలీ... అన్నీ కలిపి 11,300 అయింది. మీటరు చూస్తే 11,300 కిలోమీటర్లు. అంటే మా బావ షికారు తిరిగిన ప్రతి కిలోమీటరుకూ నేను రూపాయి చొప్పున కిరాయి కట్టానన్నమాట.

ఇక కాగితాలు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండి కొంటే అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ముందే కట్టించుకుంటున్నారు. మా బావ మూడేళ్లు ముందుచూపుతో కొని, ఒక్క ఏడాదికే కట్టి వదిలేశాడు. నేను కట్టాను, 714 రూపాయలు, పైన పన్ను. బండి ఖర్చులన్నిటిలోకీ నన్ను మోసం చేయని ఖర్చు ఇదొక్కటే.

బీమా కడుతూ ఊరికే చలాన్లు కూడా చూద్దామని నంబరు కొట్టాను. కొట్టంలో పడుకున్న బండికి చలాన్లేముంటాయి? మూడున్నాయి, అన్నీ బండి కొట్టం ఎక్కకముందువే. మూడు చలాన్లు, మూడు ఫొటోలు, నడిపేవాళ్లు ముగ్గురు. మా బావ ఒక్క ఫొటోలోనే ఉన్నాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో, ముగ్గురిలో చివరివాడిగా వేలాడుతూ. వెనక నుంచి తీసినా ఆ బట్టతలను పోల్చుకోలేనా?

"సింగిల్ హ్యాండ్ అన్నవు గదా బావా?"

"బండి నా ఒక్కని పేరు మీదనే ఉన్నది గదా! పోరలు అడిగితే ఇయ్యకపోతే ఏమనుకుంటరు?"

ఎందుకు కట్టలేదంటే దానికీ లెక్కుంది. సర్కారు 2022లో ఒకసారి, 2023 చివర్లో మరోసారి పాత చలాన్లకు రాయితీ ఇచ్చింది. రెండోసారైతే టూవీలర్లకు నూటికి ఎనభై తగ్గించింది. రుణమాఫీ కోసం బాకీ కట్టకుండా ఆగిన రైతులాగా బావ మూడోదాని కోసం ఆగాడు. ఆ ఓపిక కూడా బండితోపాటే నాకు అమ్మాడు.

ఆర్సీ నా పేరు మీదికి మారాలంటే ఫారం 29, ఫారం 30 మీద ఆయన సంతకం కావాలి. అంతకంటే ముందు ఆర్సీ మీదున్న ఫైనాన్స్ పోవాలి. బావ కిస్తీలన్నీ కట్టాడు, ఎన్‌ఓసీ మాత్రం తెచ్చుకోలేదు. "పైసలు కట్టినంక కాయితమెందుకు?" అన్నది ఆయన వాదన. ఆ ఫైనాన్స్ ఆఫీసుండే చోట ఇప్పుడు బిర్యానీ హోటల్ ఉంది. రెండుసార్లు పోయి రెండుసార్లూ తిని వచ్చాను, ఆ ఖర్చు ఇందులో కలపలేదు.

ఈ బండితో నాకు దక్కిన రాజభోగం ఒక్కటే, కొర్లపహాడ్ టోల్‌గేటు. నాలుగు చక్రాలవాడు ఫాస్టాగ్ పీప్‌మనే దాకా ఊపిరి బిగబట్టుకుంటాడు. టూవీలర్‌కు టోల్ లేదు, పక్క సందులోంచి దర్జాగా దూరిపోవచ్చు. పోయిన వారం ఆ సందులోనే బండి ఆగింది. తోసుకుంటూ దాటాను. దానికీ టోల్ అడగలేదు.

నిన్న బావ ఫోన్ చేశాడు.

"దసరాకు ఊరికొస్తున్నం బామ్మర్దీ. బండి మంచిగ జేయించినవంట గదా, మెకానిక్ చెప్పిండు. ఆ నాలుగు రోజులు నాకియ్యి. ట్యాంకు నింపి పెట్టు."

ఆర్సీలో ఇంకా ఆయన పేరే ఉంది. కాదనడానికి నేనెవర్ని?