ఒక మోనార్క్ సీతాకోకచిలుక జీవితకథ

ఈ కథలోని మోనార్క్ సీతాకోకచిలుక అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, ఒక మొక్కజొన్న చేను అంచున మిగిలిన మిల్క్‌వీడ్ ఆకు అడుగున, ఆగస్టు నెలలో గుడ్డు నుంచి బయటపడింది. మిల్క్‌వీడ్ అంటే ఆకు తుంచితే పాలు కారే మొక్క. అది తెలుగు నేల మీది జిల్లేడుకు చుట్టం, ఆ జిల్లేడు ఆకు తిని పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక మోనార్క్‌కు దాయాది.

పుట్టగానే గుడ్డు పెంకు తిన్న ఆ గొంగళిపురుగు తర్వాత ఆకు మీద చిన్న వలయంలా గాడి కొరికి, పాలు అక్కడ కారిపోయాకే లోపలి భాగం తిన్నది. ఆ జిగురు పాలలో నోరు అంటుకుపోయి చనిపోయే పసి పురుగులు ఎన్నో ఉంటాయి. కొంత ఎదిగాక ఆకు తొడిమనే సగం కొరికి, ఆకు వాలి పాలు రావడం ఆగాక తినసాగింది. ఆ పాలలో గుండెను దెబ్బతీసే కార్డెనోలైడ్లు అనే విషాలు ఉంటాయి. వాటిని ఒంట్లో దాచుకోవడం వల్లనే మోనార్క్‌ను ఒకసారి తిని వాంతి చేసుకున్న పక్షి మళ్లీ ఆ నారింజ రెక్కల జోలికి పోదు.

ఆ గొంగళిపురుగు రెక్కలు తొడిగి సీతాకోకచిలుక అయింది. దాని తల్లిదండ్రుల రెక్కల జీవితం రెండు నుంచి ఆరు వారాలే. పగళ్లు కురచవుతూ, రాత్రులు చల్లబడుతూ, మిల్క్‌వీడ్ ముదురుతున్న వేళ ఎదిగినందువల్ల ఈ తరానికి అండాలు పక్వం కావు. ప్రత్యుత్పత్తి విరామం అనే ఈ స్థితే ఆయుష్షును ఎనిమిది, తొమ్మిది నెలలకు పొడిగిస్తుంది. దారి చూపిన పెద్దలెవరూ లేకపోయినా, సూర్యుడి స్థానాన్ని కళ్లతో చూసి, స్పర్శశృంగాలలోని జీవగడియారంతో దాన్ని సరిచూసుకుంటూ, అర గ్రాము బరువున్న ఈ ప్రాణి సుమారు 3,000 కిలోమీటర్లు నైరుతి దిశగా ప్రయాణించి, టెక్సాస్ పూల తేనెతో కొవ్వు కూడబెట్టుకుని, నవంబరు మొదట్లో మెక్సికోలోని మిచోవకాన్ కొండలు చేరింది. పితృదేవతలను తలచుకునే పండుగ రోజుల్లో వచ్చే ఈ అతిథులను అక్కడి మజావా ప్రజలు తమ పెద్దల ఆత్మలుగా భావిస్తారు. స్థానికులు ఎరిగిన ఈ విడిది బయటి శాస్త్రలోకానికి తెలిసింది మాత్రం 1975 జనవరిలోనే. కెనడా శాస్త్రవేత్త ఫ్రెడ్ అర్కర్ట్ తరఫున వెతికిన కెన్ బ్రగ్గర్, కాటలీనా అగ్వాదో దాన్ని కనుగొన్నారు.

సుమారు 3,000 మీటర్ల ఎత్తున పెరిగే ఓయమెల్ అనే ఫర్ చెట్ల కొమ్మలను పట్టుకుని, తోటివాటితో గుత్తులుగా ఒదిగి, ఇది శీతాకాలం గడిపింది. చలి తగ్గితే దాచుకున్న కొవ్వు వేగంగా కరిగిపోతుంది, పెరిగితే ప్రాణం పోతుంది. కొమ్మల కప్పు ఈ రెంటి నడుమ సమతూకం నిలుపుతుంది. పొడి రెక్కల సీతాకోకచిలుక ఓర్చుకునే చలికి తడిసినది గడ్డకట్టి చనిపోతుంది కాబట్టి, దట్టమైన అడవిలో ఒక్క చెట్టు నరికినా వాన దిగడానికి రంధ్రం పడినట్టే. 2002 జనవరి తుపానులో ప్రధాన విడిదులలోని మోనార్క్‌లలో దాదాపు నాలుగింట మూడు వంతులు చనిపోయాయి.

లెక్కపెట్టడం సాధ్యం కానందున వీటిని అవి ఆక్రమించిన అడవి వైశాల్యంతో కొలుస్తారు: 1996-97 శీతాకాలంలో 18 హెక్టార్లకు పైగా ఉన్నది 2013-14 నాటికి 0.67 హెక్టారుకు పడిపోయింది. 2008లో ఈ అడవులు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమయ్యాయి. అయినా మెక్సికో అడవిని కాపాడితే సరిపోదు, ఉత్తరాన కలుపుమందును తట్టుకునే మొక్కజొన్న, సోయా పంటలు వచ్చాక చేలలో చల్లిన గ్లైఫోసేట్ అనే ఆ మందు మిల్క్‌వీడ్‌ను తుడిచిపెట్టింది. మోనార్క్ గొంగళిపురుగుకు మరో తిండి లేదు.

ఇప్పుడు మార్చి నెల. అడవిలో జతకట్టి టెక్సాస్‌కు తిరిగొచ్చిన ఈ సీతాకోకచిలుక, రంగు వెలిసిన రెక్కలతో, ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూసి, అది మిల్క్‌వీడేనని తేల్చుకున్నాక, ఒక్కో లేత మొక్క మీద ఒక్కో గుడ్డు పెడుతున్నది. రెండు పురుగులకు ఒక మొక్క చాలకపోవచ్చు, పైగా ముందు పుట్టిన పురుగు పక్క గుడ్డును తినేస్తుంది.