బెజ్జ విజయం: టీకా తాత్పర్య సహితం

పాత ప్రింటరందుఁ బడియున్న మోటారు
చెత్తలోని మూడు సెల్లు లెత్తి
గొట్టమందుఁ జేర్చి గుండ్రంగ బిగియించి
బెజ్జమొకటి కొట్టె వీరవరుడు.

అవతారిక: సర్క్యూట్ బోర్డు మీద రెసిస్టరు కాలు దూర్చడానికి బెజ్జం కావలసివచ్చింది. ఇంట్లో ఉన్నది గోడలు తొలిచే డ్రిల్లు. దాని చక్ అంత సన్నని బిట్‌ను పట్టదు. నాయకుడు అటకెక్కిన ఘట్టమిది.

ప్రతిపదార్థం: పాత ప్రింటరందున్ = కొత్త కార్ట్రిడ్జి ధర విన్ననాడే మూలపడ్డ ప్రింటరులో; పడియున్న = ఊరికే ఉన్న; మోటారు = మోటారును; చెత్తలోని = ‘బ్యాటరీ పోయింది’ అని పారేసిన లాప్‌టాప్ ప్యాక్‌లోని; మూడు సెల్లులు = 18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు గల లిథియం సెల్లులు మూడింటిని; ఎత్తి = ఏరి; గొట్టమందున్ = బాత్రూం పనిలో మిగిలిన పీవీసీ ముక్కలో; చేర్చి = కుక్కి; గుండ్రంగ = వంకర లేకుండా; బిగియించి = బిగించి; వీరవరుడు = ఇంట్లోవాళ్ల మాట వినని ఆ మహానుభావుడు; బెజ్జమొకటి = 0.8 మి.మీ. రంధ్రమొకదాన్ని; కొట్టె = వేశాడు.

తాత్పర్యం: పారేసే సామానుతో చేతిడ్రిల్లు చేసి, బోర్డుకు బెజ్జం పెట్టాడని భావం.

విశేషాలు: మోటారు అన్నంత మాత్రాన ఏదో ఒకటి పనికిరాదు. రెండు తీగలున్నదే తీసుకోవాలి. నాలుగు తీగలుంటే అది స్టెప్పర్. బ్యాటరీకి తగిలిస్తే ఒక్కసారి ఉలిక్కిపడి ఊరుకుంటుంది. రెండు తీగలదైనా ప్లస్సు, మైనస్సు తారుమారైతే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు బిట్ బోర్డును తొలవదు, రుద్దుతుంది.

‘ఎత్తి’ అని కవి తేల్చేయడం వ్యాఖ్యాతకు బొత్తిగా నచ్చలేదు. ప్యాక్‌లో ఆరు సెల్లులుంటే తరచు ఒక జత చస్తుంది, దానితో ప్యాక్ మొత్తం మూగబోతుంది. తక్కినవి బాగుండవచ్చు. కాని ప్రతిదాన్నీ మీటరుతో చూడాలి, 2.5 వోల్టుల కిందికి పడిపోయినదాన్ని మళ్లీ ఛార్జి చేయరాదు. సెల్లు మీద నేరుగా సాల్డరింగ్ ఐరన్ పెట్టరాదు. ప్యాక్‌లో ముందే అతికి ఉన్న నికెల్ పట్టీలను పీకకుండా కత్తిరించి, తీగను వాటికే అతకాలి. మూడూ వరుసగా కలిపితే నిండు ఛార్జి మీద 12.6 వోల్టులు. పొరపాటున షార్టయితే నిప్పే. ఆటవెలది నాలుగు పాదాల్లో వీరవరుడికి చోటు దొరికింది గాని, సెల్లులను కాపాడే బీఎంఎస్ బోర్డుకు దొరకలేదు!

‘గుండ్రంగ’ అన్నది ఈ పద్యానికి ప్రాణం. మోటారు ఇరుసుకు తొడిగే బుల్లి ఇత్తడి చక్ ఒక్కటే కొనక తప్పదు. హైదరాబాదులో అయితే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాలి. చక్ పక్కమర ఒకవైపు ఎక్కువ బిగిస్తే అది ఓరగా కూర్చుంటుంది. తిప్పి చూస్తే బిట్ మొన ఒకటి కాక రెండుగా కనిపిస్తుంది. ఆ స్థితిలో బోర్డుకు ఆనించామా, పుటుక్కు!

‘పాత ప్రిం’ దగ్గర ‘త’ గురువై గణం చెడుతుందని ఛాందసులు అంటారు. వాళ్లు ప్రింటరు విప్పి చూసినవాళ్లు కారు.

ఇక ‘బెజ్జమొకటి’. ఒకటేనా అని పూర్వపక్షం. రెండోదానికి బిట్ విరిగిందని కొందరు. రెసిస్టరుకు కాళ్లు రెండు గనుక రెండో బెజ్జానికి ఇంకో పద్యం ఉండితీరాలనీ, ఆ తాళపత్రం లుప్తమైందనీ మా మతం.