దాచినవాళ్ల పుణ్యం

నేనొక బౌండు పుస్తకాన్ని. 1958లో మద్రాసులో అచ్చయిన ఒక తెలుగు వారపత్రిక సంచికల్ని, జూలై నుంచి డిసెంబరు దాకా, కలిపి కుట్టి నన్ను తయారుచేశారు. నాలో ఒక సీరియల్ నవల రెండో సగం ఉంది. వారానికి రెండు మూడు కథలు, కార్టూన్లు, వారఫలాలు, తలనూనె ప్రకటనలు ఉన్నాయి. ఇప్పుడు నా మకాం శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం, కథానిలయం. నా కథలు మాత్రం ఊళ్లు దాటి, సముద్రాలు దాటి, తెలుగు చదవగలిగినవాళ్ల ఫోన్లలోకి చేరిపోయాయి.

నేను సీసం అక్షరాల్లోంచి పుట్టాను. కంపోజిటరు అక్షరాల గళ్లపెట్టె, అంటే కేసు, ముందు నిలబడి, ఎడమచేతిలో స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో టైపూ ఏరి పేర్చేవాడు. తలకట్లు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే తెలుగు కేసులో వందల గళ్లు. ఏ గడిలో ఏముందో కళ్లతో వెతకనక్కర్లేకుండానే చెయ్యి అక్కడికి పోయేది. టైపు మీద అక్షరం తిరగబడి ఉంటుంది. దాన్ని అలాగే గడగడా చదివేసేవాడు. ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, ఫారం బిగించి మిషనెక్కించేవారు. అచ్చు ముగియగానే ఆ టైపంతా విప్పి మళ్లీ దేని గడిలో దాన్ని వేసేవారు. ఈ వారం నాలో కథగా నిలిచిన అక్షరాలే పైవారం ఇంకో కథకు పనికొచ్చేవి. కాబట్టి బయటికెళ్లిన ప్రతులు పోతే ఆ కథ పోయినట్టే. ప్రెస్సులో దాని ఆనవాలు మిగలదు.

అచ్చయ్యాక వారం వారం ఒక్కో సంచికగా రైల్లో విజయనగరం చేరి, ఏజెంటు చేతిమీదుగా ఒక ఇంటికి వెళ్లేదాన్ని. పత్రిక వచ్చేరోజున ఆ ఇంట్లో మధ్యాహ్నం నిద్రలు ఉండేవి కావు. ముందు అత్తగారు సీరియల్ చదవాలి. తర్వాత కోడలు. "అత్తయ్యా, ఏమయిందో చెప్పకండి, నేను చదువుకుంటాను" అని వంటింట్లోంచి కోడలు బతిమాలడం ఎన్నోసార్లు విన్నాను. ఆపైన పిల్లలు, పక్కింటివాళ్లు, వాళ్ల చుట్టాలు. కొన్నది ఒక్కరే అయినా చదివినవాళ్లు పదిమంది. కథ నచ్చితే పోస్టుకార్డు రాసేవారు. ఆ ఉత్తరం సంపాదకుడికి చేరి, అచ్చయి మళ్లీ ఆ ఇంటికే వచ్చేసరికి వారాలు పట్టేది. అయినా తమ పేరు చూసుకుని పొంగిపోయేవారు.

ఏడాది చివర కోడలు సంచికలన్నీ రెండు కట్టలుగా పేర్చింది. బైండరు వాటిని దారంతో కుట్టి, మైలుతుత్తం కలిపిన మైదాపిండి జిగురు రాసి, అట్టలు వేసి, వెన్నుకి గుడ్డ అంటించాడు. ఆ మైలుతుత్తమే చాలా ఏళ్లు నన్ను పురుగు ముట్టకుండా కాపాడింది. అయితే మాది చౌకరకం న్యూస్‌ప్రింటు. అందులోని ఆమ్లమే దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. తెల్లగా పుట్టిన పేజీలు పచ్చబడి, గోధుమరంగుకి తిరిగి, మడిస్తే విరిగే స్థితికొచ్చాయి.

నా జంట పుస్తకం, జనవరి నుంచి జూన్ దాకా ఉన్నది, ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లవాడి తూకంలోకి పోయింది. సీరియల్ మొదటి సగం దాంట్లోనే ఉంది. నన్ను తెరిచిన ప్రతివాళ్లూ పేర్లు తెలియని మనుషుల కథ మధ్యలోంచి చదవాల్సి వచ్చేది. మాలాంటివాళ్లెందరో అలాగే పొట్లాలైపోయారు. ఆ రోజుల్లో చాలా కథలు పుస్తకాలుగా రాలేదు. పత్రికల్లో వచ్చాయి, పత్రికలతోనే పోయాయి.

ఈ నష్టం బాగా ఎరిగిన మనిషి, కారా మాస్టారని అందరూ పిలిచే కథకుడు కాళీపట్నం రామారావుగారు. ఆయన తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒకచోట దొరకాలన్నది ఆయన పట్టుదల. గొప్ప కథా, మామూలు కథా అన్న ఎంపిక పెట్టుకోలేదు. ఏది గొప్పదో రేపటివాళ్లు తేల్చుకోవాలంటే ఈరోజు అన్నీ ఉండాలి కదా! నన్ను దాచుకున్న విజయనగరం కుటుంబంలో మూడోతరం వాళ్లు అటక దులుపుతుంటే దొరికి, నేనూ అక్కడికి చేరాను.

పాత సంచిక ఎంత పని చేయగలదో ఒక్క ఉదాహరణ చాలు. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'నే తొలి తెలుగు కథగా చాలాకాలం చెప్పుకున్నారు. 1902లో 'హిందూసుందరి'లో భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' వెలుగులోకి వచ్చాక ఆ చరిత్రని తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. ఆ సంచికలు ఎక్కడా మిగలకపోయి ఉంటే, కథ రాసిన ఆ తొలి స్త్రీ మనకు తెలిసేదే కాదు.

ఒకరోజు నన్ను బల్లమీద పెట్టారు. పైన కెమెరా, రెండువైపులా లైట్లు. ఒకమ్మాయి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, పేజీ చివర వేలితో పట్టీ పట్టనట్టు పట్టుకుని తిప్పింది. విరిగిన మూలలు ఒక కవరులో వేసి దాచింది. పేజీకో ఫొటో. ప్రతి కథకీ పేరు, రచయిత, పత్రిక, తేదీ నమోదు చేశారు. కొంతకాలానికి ఇంకో గ్రంథాలయంలో దొరికిన జనవరి-జూన్ సంచికలనీ అలాగే స్కాన్ చేశారు. పాత పేపర్లవాడు విడదీసిన నవల తెరమీద మళ్లీ ఒక్కటైంది. చదవడం మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు మొదటి వారం నుంచే మొదలుపెడుతున్నారు.

నా తోటి పత్రికలు ఒక్కొక్కటే అచ్చు ఆపేశాయి. 1924లో పుట్టిన 'భారతి' 1991లో ఆగిపోయింది. 'చందమామ' ఆగింది. 2020లో కరోనా వచ్చి మరికొన్నిటిని ఆపేసింది. మరోవైపు, 1998లో అమెరికాలోని తెలుగువాళ్లు మొదలుపెట్టిన వెబ్ పత్రిక 'ఈమాట' అచ్చుతో పనిలేకుండానే పాతికేళ్లు దాటి నడుస్తోంది. తొలి సంచికలు కూడా ఈరోజుకీ చదువుకోవచ్చు. రచయిత ఇప్పుడు కంపోజిటరు కోసం కాచుకోడు. ఫోన్లోనే రాసి పంపుతాడు. సాయంత్రానికి పాఠకుడి మాట అందుతుంది. ఇదంతా మంచికే. నాకు అసూయ లేదు.

కానీ ఒక భయం ఉంది. తెర శాశ్వతమని చాలామంది నమ్ముతున్నారు. అన్ని భాషలకూ ఉమ్మడి సంకేతపట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, పత్రికాఫీసులు చాలా ఏళ్లు దానితో పొసగని ఫాంట్లతో పనిచేశాయి. ఆ ఫైళ్లు ఈరోజు తెరిస్తే అర్థంకాని గీతలు కనిపిస్తాయి. డొమైను రుసుము కట్టేవాళ్లు లేక మూతపడే వెబ్‌సైట్లున్నాయి. నేనైతే అటకమీద ఎవరూ పట్టించుకోకపోయినా బతికాను. వెబ్‌సైటు అలా బతకదు. దానికి ఎవరో ఒకరు ఏటేటా రుసుము కడుతూ, కొత్త పద్ధతుల్లోకి మారుస్తూ ఉండాలి. కథను బతికించేది కాగితమూ కాదు, కంప్యూటరూ కాదు. దాచాలన్న పట్టింపు ఉన్న మనుషులు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ అటకమీద పాత పత్రికలుంటే తూకానికి వేయకండి. చిరిగినా, అట్టలు లేకపోయినా, ముందు ఒక గ్రంథాలయానికి చూపించండి. మీరు రచయితలైతే మీ రచనల్ని యూనికోడ్‌లో పెట్టి, ఒకటికి రెండుచోట్ల భద్రం చేయండి. వెబ్ పత్రిక నడిపేవాళ్లయితే మీ తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారో ఇప్పుడే నిర్ణయించండి. తెలుగు కథ ఇప్పటికే చాలా పోగొట్టుకుంది. మిగిలినదాన్ని దాచుకోవడం మన చేతుల్లోనే ఉంది.